కిర్రు కంపెనీ

ఫిడేలు పెట్టె మూత తీసి కమాను అందుకోగానే అది నా వేళ్ళలోంచి జారింది, ఏమిటా అని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం, కమాను వెంట్రుకల నిండా ఎవరో ఆముదం పట్టించారు. రెండో పెట్టె తీశాను. అదే వాసన. మూడోదీ అంతే. నాలుగోది తీయడానికి నాకు చేయి రాలేదు, రూతమ్మ తీసింది, తీసి నా ముందుకు జరిపింది. కమానులే కాదు. ఫిడేలు మెడ చివర తీగెలు చుట్టుకునే బిరడలు కూడా నూనెలో నానిపోయాయి. బిగిస్తే ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, నా కళ్ళ ముందే వెనక్కి తిరిగి, తీగె వదులై వేలాడిపోతోంది. బిరడ పట్టు మీద తీగె నిలుస్తుంది, గుగ్గిలం పొడి అంటిన వెంట్రుక ఆ తీగెను పట్టి లాగితే నాదం వస్తుంది. ఈ పని చేసిన మనిషికి ఫిడేలు ప్రాణం ఎక్కడ దాగుందో తెలుసు. రెండు చోట్లా చూసి పొడిచాడు. సూర్యాపేట మొత్తంలో ఆ రెండు చోట్లు తెలిసినవాళ్ళు మేమే.

జమేదారు తలుపు దగ్గర నుంచే చెప్పి వెళ్ళాడు, దొర నాష్టా చేస్తున్నాడు, పిలిచేదాకా కూర్చోండి అని. ఊరి బయట ముసాఫిరు బంగళా ఇది. నా చిన్నప్పుడు మా నాన్నతో కోదాడ నుంచి వస్తే ఈ వరండాలోనే చద్దిమూట విప్పేవాళ్ళం. రజాకార్ల కాలంలో వాళ్ళ గుర్రాలు కట్టేశారు ఇక్కడ, పోయినేడు యూనియన్ ఫౌజు వచ్చాక క్యాంపు అయింది, గోడలకు సున్నం మాత్రం ఎవరూ వేయలేదు. ముందు లారీ ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు, తాపీగా, పెళ్ళికి పోయేవాడిలా. లోపల ఎక్కడో మల్సూర్ ఉన్నాడు. ఫిడేలు నేర్చుకుంటున్నానని వాడు చెప్పింది నిజమని మేం వాయించి చూపిస్తే ఇంటికి వస్తాడు, లేకపోతే ఆ లారీ ఎక్కి నల్లగొండ జైలుకు పోతాడు, అక్కడి నుంచి ఎక్కడికో ఎవరికీ చెప్పరు. మాట అంత తేటగా ఉంది. ఆఫీసరు దొర మద్రాసు వైపు మనిషట, గదిలో గ్రామఫోను ఉందట, సంగీతం తెలిసినవాడు కదా అని వారం నుంచి నేను దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ తెలివే మా కొంపకు నిప్పు.

సుద్దముక్క. బడి సంచిలో సుద్దముక్క ఉంటుంది. బిరడకు సుద్ద రుద్దితే పట్టు వస్తుందని నాన్న చెప్పేవాడు. చర్చిలో కీర్తనకు ముందు రుద్దేవాడు, తెల్లటి వేళ్ళతో నా బుగ్గ గిల్లేవాడు. రుద్దాను. నూనెలో తడిసి పిండిముద్ద అయింది. ఇంకాస్త రుద్దాను. ముద్ద ఊడి ఒళ్ళో పడింది. రూతమ్మ తన కొంగుతో కమాను వెంట్రుకలు తుడుస్తోంది, పైనుంచి కిందికి, పైనుంచి కిందికి, అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచినట్టు. దవాఖానలో పురుళ్ళు పోసే చేయి అది. ఎంత తుడిచినా వెంట్రుక మెరుస్తూనే ఉంది. వేడినీళ్ళు, సబ్బు, ఒక పూట ఎండ ఉంటే పోతుంది. మాకున్నది ఒక దొర నాష్టా చేసేంత సేపు.

ఈ పెట్టెలు నా దగ్గరికి రాకపోతే బాగుండేది. కోదాడలో ఒక నాటకాల కంపెనీ గొడవల్లో చెల్లాచెదురై, ఆడవాళ్ళతో సహా రాత్రికి రాత్రి సరిహద్దు దాటి బెజవాడ వైపు పోతూ ఈ ఫిడేళ్ళను పాదిరిగారి చేతిలో పెట్టిపోయింది. తిరిగి ఎవరూ రాలేదు. కోదాడ ఫిడేలు భూషణం కూతురు సూర్యాపేటలో పంతులమ్మ, బడిపిల్లలకు నేర్పుతుంది అని పాదిరిగారు కబురు పంపితే, బిక్షం బండి కట్టించుకుని పోయి తెచ్చాను. ఆ బండి ఎంత కిర్రుమనేదో. మైలు దూరం నుంచే బిక్షం వస్తున్నాడని తెలిసేది. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెల్లో తీగెలు అదిరి ఒక మూలుగు. బిక్షం ఎడ్లను ఆపాడు. దిగాడు. పెట్టెకు చెవి ఆనించాడు. "గీ పెట్టెల ఏందమ్మా, మనిషి లెక్క మూల్గుతున్నది?" అన్నాడు. చెప్పాను. మళ్ళీ బండెక్కి, సగం దారి దాటాక వెనక్కి తిరగకుండానే అడిగాడు, నాకు నేర్పుతవా పంతులమ్మా అని. తలంతా నెరిసిన మనిషి. నవ్వు ఆపుకున్నాను. పిల్లలకు తెచ్చిన ఫిడేళ్ళు, కాని గొడవలకు జడిసి పిల్లల్ని బడికి పంపడం మానేశారు అందరూ, ఖాళీ బడి, తాళం వేసిన పెట్టెలు. ఒక సాయంత్రం బిక్షం చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మరుసటి వారం రూతమ్మ వచ్చింది. తర్వాత పాలు పోసే ముత్తయ్య, చూసిపోదామని వచ్చి కూర్చుండిపోయాడు. గరిడేపల్లి దారిలోని తండా నుంచి కట్టెల మోపుతో వచ్చే మల్సూర్ కిటికీ బయట నిలబడి నిలబడి, ఒకరోజు మోపు దించి లోపలికి వచ్చాడు.

ఎందుకు వచ్చారు వాళ్ళు. నేనెప్పుడూ అడగలేదు. ఆ ఏడు ఊళ్ళో ఎవరికీ నిద్రలు లేవు, ఏ కుక్క మొరిగినా లేచి కూర్చునేవాళ్ళం, నలుగురు కూడితే నేరం, పాట పాడితే ఏ పక్షం పాట అని అడిగేవాళ్ళు. మాటలు లేని పాటకు పక్షం ఉండదనుకున్నామేమో. నేనైతే అనుకున్నాను, తెలివితక్కువదాన్ని. అంగట్లో మాకు పేరు పెట్టారు, కిర్రు కంపెనీ అని. రూతమ్మ కనపడితే ఏం అక్కా, కిర్రు కంపెనీ ఎప్పుడు ఆట ఆడుతది అనేవాళ్ళు. మాలో మాకూ తక్కువేం లేదు. రూతమ్మక్క ఫిడేలు పడితే పసిపిల్లను బోర్లించి వీపు తట్టినట్టుంటది అనేవాడు ముత్తయ్య, నువ్వు కమాను గుంజుతుంటే బర్రెను పితికినట్టుంది, కింద గిన్నె పెట్టాల్నా అనేది రూతమ్మ. మల్సూర్ నవ్వేవాడు, నవ్వితే భుజం కదిలి కమాను తప్పేది, నేను బెత్తంతో బల్ల మీద కొట్టేదాన్ని. ఆ బెత్తం చప్పుడు ఇప్పుడు చెవిలో వినిపిస్తోంది. కాదు, వంటగదిలో గిన్నెలు. నాష్టా అయిపోతోంది.

గొడ్డలి పట్టిన వేళ్ళకు, పగ్గం పట్టిన వేళ్ళకు పాట మొత్తం రాదు. వేళ్ళు వంగవు. చాలా రోజులు ఏడిపించాక నాకు ఒక ఉపాయం తోచింది. నాట్ల పాట వరస ఒకటి తీసుకుని ముక్కలు చేశాను. ఎత్తుగడ రూతమ్మకు, దాని జవాబు ముత్తయ్యకు, కిందికి దిగే మెట్లు బిక్షానికి, మెలికలున్నది నాకు. వేళ్ళు ఏమాత్రం వంగని మల్సూర్‌కు ఒక్క షడ్జమం. కమాను పొడుగునా లాగడం, తిప్పడం, మళ్ళీ లాగడం, అంతే. నువ్వు నేల, మేమందరం నీ మీద నడుస్తాం అన్నాను. వాడు ఆ మాటకు పొంగిపోయాడు. అందరం కలిసి వాయిస్తే పాట, విడివిడిగా వాయిస్తే ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఎంత తెలివైన ఉపాయమని మురిసిపోయాను అప్పుడు. మిర్యాలగూడ సడక్ మీద పెట్టె భుజాన వేసుకుని పోతున్న మల్సూర్‌ను ఆపి, తుపాకీ అనుకుని మూత తీయించి, ఫిడేలు చూసి, ఏ దొర గడీ దోచావురా అని అడిగారట. నేర్చుకుంటున్న అన్నాడు. ఈ వయసులోనా, లంబాడీవాడివా, అయితే వాయించు అన్నారు. వాడు షడ్జమం వాయించాడు. వాడి దగ్గర ఉన్నది అదే. వాళ్ళు నవ్వి నవ్వి, చేతులు కట్టి తెచ్చారు. వాడి దగ్గర రెండో స్వరం లేకుండా చేసింది నేను. రెండు స్వరాలు నేర్పి ఉంటే, వేళ్ళ మీద కొట్టి అయినా నాలుగు నేర్పి ఉంటే.

వారం కింద బిక్షాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఇదే వరండాలో బతిమాలుకున్నాను, మేమంతా నేర్చుకుంటున్నాం, కావాలంటే చూడండి అన్నాను. బిక్షం తన నాలుగు మెట్లూ దిగి చూపించాడు.  జమేదారు చెవులు మూసుకుని, నీ బండి ఇరుసే ఇంతకంటే నయంగా పాడుతది బుడ్డా అన్నాడు. సిపాయిలు పగలబడ్డారు. బిక్షం తల దించుకుని ఎడ్ల దగ్గరికి పోయాడు. అయినా ఆఫీసరు దయతలచి సరే అన్నాడు, అందర్నీ తీసుకురా, వింటాను అన్నాడు. ఆ దయే ఇవాళ్టిది.

ఎవరు. నిన్న సాయంత్రం దాకా పలికాయి. పెట్టెలు దవాఖాన కొట్టులో పెట్టి తాళం వేసింది రూతమ్మ. తెల్లారి తాళం తీసింది రూతమ్మ. ముత్తయ్య మోసి బండిలో పెట్టాడు. దవాఖాన కొట్టులో ఆముదం సీసాలు వరసగా ఉంటాయి, కడుపునొప్పికి, కాన్పుకు. కాని ఆముదం ఎక్కడ లేదు, దీపాల్లో, తలల్లో, పసిపిల్లల మాడు మీద, బండి ఇరుసుల్లో, ఊరంతా ఆముదమే. రూతమ్మకు ఏం లాభం. ఎత్తుగడ తనకిచ్చినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టలేదు గాని చర్చిలో సాక్ష్యం చెప్పింది. ముత్తయ్య. ముత్తయ్య రోజూ ఈ క్యాంపుకు పాలు పోస్తాడు. ఈ గేటు కాపలా వాళ్ళకు మా అందరికంటే ముత్తయ్యే దగ్గర, ఇందాక వస్తుంటే ఒక సిపాయి వాడి భుజం తట్టాడు. పాలు పోసేవాడు ఒక మాట కూడా పోసి ఉండడా. మల్సూర్ ఏ పొద్దున ఏ దారిన పోతాడో వాళ్ళకు ముందే ఎవరు చెప్పారు. మల్సూర్ బయటికి వస్తే ఆ చెప్పినవాడి పేరు బయటపడుతుంది. కమాను తుడుస్తున్నట్టు తల వంచి, పక్కనే బిరడ బిగిస్తున్న ముత్తయ్య వేళ్ళు చూశాను. జిడ్డుగానే ఉన్నాయి. నావీ జిడ్డుగానే ఉన్నాయి. ఇక బిక్షం. గేటు బయట ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు, పిలిచినప్పుడు వస్తాడు, వాడికి ఇంకా ఈ సంగతి తెలియదు, తెలిస్తే గుండె ఆగుతుంది. వాణ్ణి అనుమానించేకంటే నా కుడిచేతిని అనుమానించడం మేలు. ఇవాళ వాడి బండి ఎప్పుడు వచ్చిందో కూడా నాకు వినపడలేదు, అంత పరధ్యానంలో ఉన్నాను.

గోడ నీడలో రంగి కూర్చుని ఉంది, మల్సూర్ పెళ్ళాం. గుడ్డలో రొట్టెలు కట్టి ఒళ్ళో పెట్టుకుంది. చేతుల నిండా తెల్ల గాజులు, కదిలితే చప్పుడవుతాయని కదలకుండా కూర్చుంది. నన్ను చూసి నవ్వింది, నాకు ధైర్యం చెప్పడానికి. "మావోడు ఇంట్ల సుత గా ఒక్కటే కూత వెడుతడు పంతులమ్మా. మేకలు సుత మందల నుంచి లేసి ఉరుకుతయి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇయ్యాల మీరంత కలుస్తరు గదా, మంచిగ పలుకుతది గదా?" అంది. అవునన్నాను. నా నోరు దానంతట అదే అవునంది.

పిలిచారు.

గదిలో చల్లగా ఉంది. బల్ల మీద సగం తాగిన కాఫీ, మూలన నిజంగానే గ్రామఫోను. బిక్షం చెప్పులు గుమ్మంలో విడిచి, తలపాగా చంకలో పెట్టుకుని, నా పక్కన నిలబడ్డాడు, వాడి ముఖం ఎందుకో వెలుగుతోంది. మల్సూర్‌ను తెచ్చారు. చిక్కిపోయాడు. మణికట్టు తాడు విప్పి వాడి ఫిడేలు వాడికిచ్చారు. క్యాంపులోనే ఉండిపోయిన ఫిడేలు అది, దాన్ని ఎవరూ ముట్టలేదు. వాడు మా వైపు చూశాడు, ఒక్కొక్కరినీ, చివరికి నన్ను. నేను తల ఊపానా, లేక ఊపిరి పీల్చానా, తెలియదు, బడిలో రోజూ ఊపి ఊపి తలకు అలవాటైంది. వాడు మొదలుపెట్టాడు. ఎప్పుడూ వాడే ముందు మొదలుపెడతాడు, నేల పరిస్తేనే కదా మేం నడిచేది. షడ్జమం. కమాను పొడుగునా, వణుకు లేకుండా, కీచు లేకుండా. నేర్చుకున్నాక వాడు అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. గది నిండిపోయింది. రూతమ్మ వంతు వచ్చింది. రూతమ్మ కమాను లాగింది. ఏమీ లేదు. ముత్తయ్య లాగాడు. నేను లాగాను, నీళ్ళ మీద వేలు రాసినట్టు జారిపోయింది. వేలితో మీటితే వదులు తీగె చెక్కకు తగిలి టప్పుమంది. బిక్షం తన మెట్లు దిగుతున్నాడు, పెదవులు కదుపుతూ, లెక్క తప్పకుండా, చప్పుడు లేకుండా. మల్సూర్ కమాను తిప్పాడు. మళ్ళీ అదే స్వరం. మేం వస్తామని ఎదురుచూస్తూ ఇంకా పొడుగ్గా లాగాడు.

ఇంతేనా అన్నాడు ఆఫీసరు. నేను బడి ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాను, అయ్యా ఎవరో నూనె పూశారు, రేపటిదాకా గడువివ్వండి. ఎవరు పూశారు అన్నాడు. తెలియదన్నాను. ఈ ఒక్క ఫిడేలునే ఒకరి తర్వాత ఒకరం వాయిస్తాం, అదైనా వినండి అన్నాను. ఒక్క అబద్ధాన్ని నలుగురు పంచుకోవడం వారం రోజులుగా వింటూనే ఉన్నానమ్మా అన్నాడు. కోపంగా కూడా అనలేదు. సంగీతం తెలిసిన మనిషి, మంచి పాట కోసం కూర్చుని ఉత్త చేతులతో లేచాడు. మల్సూర్ వాయిస్తూనే ఉన్నాడు. జమేదారు పోయి కమాను చేత్తో పట్టుకుంటే ఆగింది.

లారీ గేటు దాటి నల్లగొండ సడక్ ఎక్కేదాకా ఎవరం కదల్లేదు. రంగి ఉరకలేదు, ఏడవలేదు. రొట్టెల మూట అట్లాగే పట్టుకుని దుమ్ము వైపు చూస్తూ, "పలుకలేదా?" అని అడిగింది.   ముత్తయ్య మీద పడ్డాను. నువ్వే, పాల చెంబుతో పాటు మల్సూర్‌ను కూడా ఈ గుమ్మంలో నువ్వే పోశావు, ఆ ఆముదం నువ్వే పూశావు అని అరిచాను. ముత్తయ్య తిరిగి అరవలేదు. "పాలల్ల నీళ్ళు కలిపిన పంతులమ్మా, గది ఊరందరికీ ఎరుకే. పాటల కలుపలే" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు బిక్షం మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. ఆముదం అన్న మాట దగ్గర ఆగిపోయినట్టున్నాడు. ఒకసారి పెట్టెల వైపు, ఒకసారి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ముత్తయ్యను అనకు పంతులమ్మా. నేనే పెట్టిన. ఆముదం పెడితే నోరు వోతదని నాకు ఎరుక లేదమ్మా. అంగట్ల అందరు కిర్రు కంపెనీ, కిర్రు కంపెనీ అని నవ్విరి. గా జమేదారు సుత ఇరుసే నయమనె. నాకొచ్చిన ఇద్దె ఒక్కటే గదమ్మా, కిర్రుమంటే ఆముదం పెడుతం, సప్పుడు వోతది, బండి నిమ్మళంగ నడుస్తది. దొర ముంగట మన పరువు వోవద్దని, మల్సూర్ ఇంటికి రావాలని, పొద్దుగాల్నే వచ్చి బండి ఇరుసుకు పెట్టుకుని, ముత్తయ్య పెట్టెలు బండిల పెట్టి పక్కకు పోంగనే గదే బుడ్డిల నుంచి ఒక్కొక్క బిరడ కాడ బొట్టు బొట్టు పోసి, ముందుకు ఎనుకకు తిప్పిన. మెత్తగ తిరిగినయి. మస్తు సంబురమైంది. వెంట్రుకలకు సుత దూసిన, ఆడపిల్ల జడకు తల్లి రాసినట్టు రాసిన. ఒక్క మల్సూర్ దానికే పెట్టలేకపోతినే, గది క్యాంపుల ఉండిపాయెనే, వాని ఒక్కనిది కిర్రుమంటదేమోనని పొద్దటి సంది నా పానం కొట్టుకుంటనే ఉండె."